షెల్టర్ నుంచి వచ్చిన కుక్క నెల దాటాక ఎందుకు మారిపోతుంది?

"మూడేళ్ళ ఆడకుక్కను షెల్టర్ నుంచి తెచ్చుకుని ఐదు వారాలైంది. మొదటి రెండు వారాలు బల్ల కింద నుంచి కదల్లేదు, ఒక్కసారి కూడా మొరగలేదు. ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయాం. ఇప్పుడు గుమ్మంలోకి ఎవరొచ్చినా మొరుగుతోంది, చెప్పులు కొరికేస్తోంది, మొన్న తిండి గిన్నె దగ్గరికి వెళ్ళిన మామగారి మీద గుర్రుమంది. గారాబం చేసి మేమే పాడుచేశామా? వెనక్కి ఇచ్చేయాలా? ఒక పిల్లిని కూడా తెచ్చుకోవాలనుకున్నాం, అదీ ఇలాగే మారుతుందా?" అని అడిగారు.

మీరు పాడుచేయలేదండి. షెల్టర్ జంతువులతో, వాటిని ఇంటికి తీసుకెళ్ళిన కుటుంబాలతో ఏళ్ళ తరబడి పనిచేస్తున్నాను. నెలా నెలన్నర గడిచాక నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ ఇలాంటివే. "మొదట్లో ఎంతో బాగుండేది, ఇప్పుడేమైందో తెలీదు" అంటారు. మొదట్లో బాగున్నది మనకి, దానికి కాదు. కుక్క మారిపోయిందని మీరనుకుంటున్నారు. నేను చూసినంతలో మారింది దాని భయం మోతాదు. ఆ భయం కింద అణిగి ఉన్నవన్నీ, ముచ్చటగొలిపేవీ చికాకు పెట్టేవీ కలిసి, ఇప్పుడు పైకి వస్తున్నాయి. వాటిలో కొన్నింటిని కాలమే సర్దేస్తుంది. కొన్నింటిని కాలానికి వదిలేస్తే ముదిరిపోతాయి. ఏది ఏ రకమో తెలుసుకుంటే మీ టెన్షన్ సగం తగ్గుతుంది.

ముందు ఆ బల్ల కింద రెండు వారాల సంగతి. నెమ్మదిగా ఉండే కుక్క వేరు, బిగుసుకుపోయిన కుక్క వేరు. దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, కదలవు, మొరగవు. దగ్గరగా చూడండి. నెమ్మదైన కుక్క ఒళ్ళు వదులుగా ఉంటుంది, పక్కకి వాలి కాళ్ళు చాపుకుంటుంది, పిలిస్తే చెవి అటు తిప్పుతుంది, మనం ఉండగానే తింటుంది. భయంతో బిగుసుకున్న కుక్క నాలుగు కాళ్ళూ పొట్ట కిందికి లాక్కుని, గడ్డం నేలకి ఆనించి, ఒళ్ళు కదపకుండా కళ్ళు మాత్రం మన వెంట తిప్పుతూ ఉంటుంది. కంటి అంచున తెల్లగుడ్డు కనిపిస్తుంది. ఊరికే మూతి నాక్కుంటుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది. మనం చూస్తుండగా ముట్టని తిండి తెల్లారేసరికి గిన్నెలో ఉండదు. కొన్నయితే గంటల తరబడి ఒంటికి కూడా పోకుండా బిగపట్టుకుంటాయి. మీది ఏ రకమో మీరు రాసినదాన్నిబట్టే తెలుస్తోంది. ఆ రెండు వారాలు అది బుద్ధిగా ఉండలేదు, ఏం చేస్తే ఏమవుతుందో తెలియక ఏమీ చేయకుండా ఉంది.

షెల్టర్ ఎంత మంచిదైనా, అక్కడివాళ్ళు ఎంత ప్రేమగా చూసుకున్నా, కుక్కకి అది కష్టమైన చోటే. వరుసగా ఉన్న గదుల్లో ఒకటి మొరిగితే మిగతావన్నీ అందుకుంటాయి. ఆ మోత తరచుగా 100 డెసిబెల్స్ దాటుతుందని కొలిచి చూసినవాళ్ళు రాశారు. 1997లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో మైఖేల్ హెన్నెసీ బృందం షెల్టర్ కుక్కల రక్తంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్‌ని కొలిచింది. చేరిన మొదటి మూడు రోజుల్లో అది ఇళ్ళలో పెరిగే కుక్కలకంటే దాదాపు మూడింతలు ఉంది, ఆ తర్వాత మెల్లగా దిగింది. మరి ఇంటికి తెచ్చాక? 2019లో లీసా గంటర్, ఆమె తోటి పరిశోధకులు షెల్టర్ కుక్కల్ని ఒకటి రెండు రాత్రులు ఇళ్ళకి పంపి, మూత్రంలో అదే హార్మోన్ చూశారు. ఇంట్లో ఉండగా తగ్గింది, షెల్టర్‌కి తిరిగొచ్చాక మళ్ళీ మునుపటి స్థాయికి చేరింది. అవి ఎడతెగకుండా ఎక్కువసేపు విశ్రాంతి తీసుకున్నది కూడా ఆ ఇళ్ళలోనే.

ఈ విశ్రాంతి సంగతి చాలామంది పట్టించుకోరు. షెల్టర్ నుంచి వచ్చిన కుక్క మొదట్లో పడుకుంటుంది కానీ గాఢంగా నిద్రపోదు. వంటింట్లో గిన్నె చప్పుడైతే తల ఎత్తుతుంది, మీరు లేస్తే లేస్తుంది. కొన్నాళ్ళకి, మీరు పక్కనుంచి నడిచి వెళ్ళినా లేవని రోజు ఒకటి వస్తుంది. పక్కకి వాలి, మెడ పూర్తిగా నేల మీద వదిలేసి, ముందుకాళ్ళు చిన్నగా కొట్టుకుంటూ, మూతి అదురుతూ, లోపల్లోపలే కుయ్‌మంటూ కల కంటూ ఉంటుంది. నా మటుకు నాకు తోక ఊపడంకంటే ఇది పెద్ద గుర్తు. తోక కంగారులో కూడా ఊపుతాయి. ఒళ్ళు మరిచి నిద్రపోవాలంటే మాత్రం ఆ చోటి మీద నమ్మకం కుదరాలి. మొదటి వారాల్లో దాన్ని చూపించడానికి చుట్టాల్ని పిలవద్దు, వచ్చిన రోజే స్నానం చేయించద్దు, రోజుకో కొత్త చోటికి తిప్పద్దు అని నేను గట్టిగా చెప్పేది అందుకే. నిద్రపోతున్న కుక్కని పిల్లలు ముట్టుకోకూడదు. ఈ ఒక్క విషయంలో ఏ ఇంటికీ మినహాయింపు లేదు.

షెల్టర్లలో "మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు" అని ఒక లెక్క చెబుతుంటారు. మూడు రోజులకి కంగారు తగ్గుతుంది, మూడు వారాలకి ఇంటి పద్ధతి అలవాటవుతుంది, మూడు నెలలకి ఇల్లు తనదనుకుంటుంది అని. కొత్తవాళ్ళకి ఓపిక నేర్పడానికి పనికొచ్చే మాటే. కానీ దాన్ని క్యాలెండర్‌లా పట్టుకుంటే మనసు కష్టపెట్టుకోవాల్సి వస్తుంది. రెండో రోజే సోఫా ఎక్కి కూర్చునే కుక్కలున్నాయి, ఏడాదికి గానీ మనిషి చేతిలోంచి తినని కుక్కలూ ఉన్నాయి. ఎన్నాళ్ళైందన్నది కాదు, మార్పు ఏ దిక్కుకి పోతోందన్నది చూడండి. పోయిన వారంకంటే ఈ వారం అది గదిలో ఎక్కువ మేర తిరుగుతోందా, చప్పుడుకి ఉలిక్కిపడ్డాక తేరుకోవడానికి పట్టే సేపు తగ్గుతోందా, అవే లెక్క.

మీరడిగిన ప్రశ్నకి బాగా దగ్గరగా ఉన్న అధ్యయనం ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 2023లో ప్రచురించారు. షెల్టర్ నుంచి ఇళ్ళకి వెళ్ళిన 99 కుక్కల గురించి వాటి యజమానుల్ని 7, 30, 90, 180వ రోజుల్లో అవే ప్రశ్నలు అడుగుతూ వచ్చారు. ఆరు నెలల్లో కొన్ని తగ్గాయి. ఒంటరిగా వదిలితే పడే బాధ, క్షణం వదలకుండా మనిషిని అంటిపెట్టుకుని తిరగడం అందులోవి. కొన్ని పెరిగాయి. కొత్తవాళ్ళ మీద కోపం, ఉత్సాహం పట్టలేకపోవడం, కదిలే వాటిని తరమడం, చెప్పిన మాట చెవిన పెట్టకపోవడం. ఇంత పెరిగినా, నూటికి తొంభై మందికి పైగా యజమానులు తమ కుక్క ప్రవర్తన బాగుందనో చాలా బాగుందనో అన్నారు. ఈ రెండూ కలిపి చదవండి. మీ ఇంట్లో జరుగుతున్నది దారి తప్పడం కాదు, చాలా ఇళ్ళలో జరిగేదే. కుక్కకి ధైర్యం వచ్చేకొద్దీ ఇష్టాలతోపాటు అయిష్టాలు కూడా బయటపెడుతుంది.

షెల్టర్ వాళ్ళు మీకు అబద్ధం చెప్పారని కూడా అనుకోవద్దు. "శాంతం, మొరగదు" అని రాసి ఇచ్చి ఉంటారు. వాళ్ళు చూసింది అదే. అక్కడి ప్రవర్తన చూసి ఇంట్లో ఎలా ఉంటుందో చెప్పడం చాలా కష్టం. తిండి దగ్గర కోపాన్నే తీసుకుంటే, 2013లో ఎమీ మార్డర్ అనే పరిశోధకురాలి బృందం చూసినదాని ప్రకారం, షెల్టర్ పరీక్షలో గిన్నె దగ్గర కోపం చూపిన కుక్కల్లో ఇళ్ళకి వెళ్ళాక సుమారు సగమే అలా చేశాయి. పరీక్షలో ఏమీ చూపనివాటిలోనూ కొన్ని ఇంట్లో చూపాయి.

ఇది మంచి వైపు కూడా అంతే నిజం. నాకు తెలిసిన ఒక ముసలి ఆడకుక్క షెల్టర్‌లో గది వెనకగోడకి ఆనుకుని నిలబడి ఉండేది. దాని కాగితంలో "ఆటల మీద ఆసక్తి లేదు" అని ఉంది. దాన్ని తీసుకెళ్ళినవాళ్ళు కొన్ని నెలల తర్వాత ఒక వీడియో పంపారు. ఉతికి మడతపెట్టాల్సిన బట్టల కుప్పలోంచి ఒక సాక్సు లాగింది. నోట్లో పెట్టుకుని ఒక్క క్షణం ఆగిపోయి, ఎవరైనా అరుస్తారేమోనని గదంతా చూసింది. సాక్సు కింద పడేసింది. ఎవరూ ఏమీ అనలేదు. మెల్లగా మళ్ళీ నోటితో అందుకుని, ఈసారి తల అటూ ఇటూ విదిలించి, నెరిసిన మూతితో ఆ గదంతా చక్కర్లు కొట్టింది. ఆ కుక్కకి ఆట తెలియక కాదు, ఆడుకోవచ్చని తెలియడానికి అన్ని నెలలు పట్టింది. మీ చెప్పుల సంగతి కూడా నేను ఇలాగే చూస్తాను. చెప్పులు అందనిచోట పెట్టండి, నమలడానికి గట్టి రబ్బరు బొమ్మలో దానికి ఇష్టమైన తిండి కూరి ఇవ్వండి. దాని గురించి ఇంతకంటే దిగులు అక్కర్లేదు.

గుర్రుమనడం మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. గుర్రుమన్నందుకు దాన్ని తిట్టకండి, గిన్నె లాక్కోకండి, ఇంటి యజమాని ఎవరో చూపిస్తామని గిన్నెలో చెయ్యి పెట్టకండి. ఈ సలహా ఇంకా చాలామంది ఇస్తుంటారు. అది ప్రమాదం. గుర్రుమనడం కుక్క ఇచ్చే హెచ్చరిక. కొట్టి, అరిచి దాన్ని మాన్పిస్తే భయం పోదు, హెచ్చరిక ఒక్కటే పోతుంది. అప్పుడు ఏ చప్పుడూ లేకుండా తిన్నగా కరుస్తుంది. కొట్లాడి తిన్న కుక్కకి గిన్నె దగ్గరికి వచ్చే చెయ్యి అంటే తిండి పోవడమే. ఆ అర్థం మారాలి. ఇవాళ్టి నుంచి దానికి ఎవరూ తిరగని గదిలో తిండి పెట్టండి, తిన్నంతసేపు తలుపు దగ్గరికి వేయండి. గొడవ లేకుండా కొన్ని రోజులు గడవనివ్వండి. తర్వాత మీరు, మామగారు కూడా, అది తింటుండగా బాగా దూరంలోంచి నడిచి వెళ్తూ గిన్నెలో ఉన్నదానికంటే రుచైన ముక్క ఒకటి దాని వైపు విసిరి, ఆగకుండా వెళ్ళిపోండి. తల ఎత్తి "ఇంకేదో వస్తోంది" అన్నట్టు వదులైన ఒంటితో చూసే వరకు ఆ దూరం తగ్గించకండి. ఒళ్ళు బిగిసినా, తినే వేగం పెరిగినా, తల గిన్నె మీదికి వంగి ఆగిపోయినా మీరు దగ్గరికొచ్చేశారని అర్థం. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ సాధన పెద్దవాళ్ళు మాత్రమే చేయాలి, అది తినేటప్పుడు పిల్లలు ఆ గదిలోనే ఉండకూడదు.

ఇంకో మాట. గిన్నె దగ్గర కోపం కొత్తగా మొదలైతే పంటి నొప్పి, చెవిలో ఇన్ఫెక్షన్, కీళ్ళ నొప్పి ఉన్నాయేమో వెట్ (పశువైద్యులు) చేత చూపించండి. షెల్టర్‌లో చేసే పరీక్షలు వ్యాక్సిన్లు, పురుగుల మందు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ వీటి చుట్టూ తిరుగుతాయి. లోపలి పన్ను పగిలిందేమో అంత తీరిగ్గా చూసే వీలు వాళ్ళకి ఉండకపోవచ్చు. నొప్పితో ఉన్న కుక్కకి ఎంత శిక్షణ ఇచ్చినా వృథా.

గుమ్మం దగ్గర మొరుగుడు గురించి. మొదటి రెండు వారాలు ఎవరొచ్చినా దాక్కునేది, ఇప్పుడు "దగ్గరికి రావద్దు" అని గట్టిగా చెప్పగలుగుతోంది. చాలా కుక్కల్లో ఈ మొరుగుడు కాపలా కాదు, భయమే. తేడా ఎలా తెలుస్తుందంటే, మొరుగుతూ ముందుకొచ్చి వెంటనే వెనక్కి పోతుంటే, బరువంతా వెనక కాళ్ళ మీద ఉంటే అది భయం. ఎవరైనా వస్తున్నారని తెలిస్తే తలుపు తీయకముందే దాన్ని ఇంకో గదిలో, నమలడానికి ఏదో ఒకటి ఇచ్చి ఉంచండి. వచ్చినవాళ్ళు కూర్చున్నాక, అది నెమ్మదించాక, లీష్‌తో తీసుకురండి. అతిథి దాని వైపు చూడకూడదు, వంగకూడదు, తల మీద చెయ్యి వేయకూడదు. అతిథి చేత్తో తినిపించడం కూడా నాకు ఇష్టం లేదు. తిండి ఆశతో, తాను భయపడే మనిషి దగ్గరికి వచ్చి, ముక్క నోట్లో పడగానే తానెక్కడుందో గుర్తొచ్చి కరిచిన కుక్కలున్నాయి. దానికి బదులు ముక్కని కుక్క వెనక్కి విసరమనండి. తినడానికి దూరంగా వెళ్తుంది, ఒత్తిడి తగ్గుతుంది, మళ్ళీ రావాలో వద్దో అదే నిర్ణయించుకుంటుంది. ఆ నిర్ణయం దాని చేతిలో ఉండటమే ఈ పద్ధతిలో మందు. కొందరు అతిథులకి కుక్క అసలు కనపడాల్సిన పనే లేదు, అదీ తప్పు కాదు.

ఇక కాలం గడిస్తే వాటంతట అవే సర్దుకోనివి. మీరు రాసినవాటిలో ఇవి లేవు, కానీ మీలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్ళు ఇది చదువుతారు కాబట్టి చెబుతున్నాను. మొదటిది, ఒంటరిగా వదిలితే వచ్చే భయం. పైన చెప్పిన అధ్యయనంలో సగటున తగ్గిందన్నారు, నిజమే. తేలికపాటి బెంగ అలవాటుతో తగ్గుతుంది. కానీ మీరు బయటికెళ్ళిన కొద్ది నిమిషాలకే చొంగ కార్చుకుంటూ ఊళపెట్టడం, తలుపు చట్రం గోళ్ళు ఊడేలా గీకడం, తాను ఉన్నచోటే మలమూత్రాలు వదిలేయడం ఉంటే అది అల్లరి కాదు, పానిక్. ఫోన్ కెమెరా పెట్టి వెళ్ళి ఒకసారి చూడండి, తెలిసిపోతుంది. దీనికి చికిత్స ఉంది. ఒంటరితనాన్ని సెకన్ల నుంచి మొదలుపెట్టి, అది భయపడని మేరకే పెంచుకుంటూ పోయే శిక్షణ, దానితోపాటు అవసరమైతే మందు. అమెరికాలో క్లోమిప్రమిన్‌కి 1998లో, ఫ్లూఓక్సెటిన్‌కి 2007లో కుక్కల్లో సరిగ్గా ఈ సమస్యకే అనుమతి వచ్చింది. మందు అనగానే "మత్తులో పడేస్తారా" అని బాధపడతారు. ఇవి మత్తుమందులు కావు, వెట్ పర్యవేక్షణలో వాడితే శిక్షణ తలకెక్కేంత ప్రశాంతతని ఇస్తాయి. పని చేయడానికి కొన్ని వారాలు పడతాయి, మధ్యలో మీకు మీరే ఆపేయకూడదు.

రెండోది, చిన్నప్పుడు మనుషుల్నే సరిగా చూడని కుక్కలు. కుక్కపిల్లకి సుమారు 3 నుంచి 12-14 వారాల వయసు మధ్య ఎదురైనవి మామూలు ప్రపంచంగా ముద్రపడతాయి. ఆ కాలమంతా బోనులో గడిస్తే ఆ లోటు పూర్తిగా పూడదు. ఫ్రాంక్ మెక్‌మిలన్ బృందం వ్యాపారం కోసం కుక్కల చేత పిల్లల్ని పెట్టించే కేంద్రాల నుంచి బయటపడ్డ వెయ్యికి పైగా కుక్కల గురించి 2011లో ప్రచురించింది. ఇళ్ళకి వచ్చి చాలాకాలమైనా వాటిలో భయాలు మామూలు కుక్కలకంటే బాగా ఎక్కువగా ఉన్నాయి. ఇది నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు. అలాంటి కుక్కలు కూడా చాలా మారతాయి, నేను చూశాను. కాకపోతే అందరితో కలిసిపోయే కుక్క అవ్వాలని వాటి మీద ఆశ పెట్టుకోకూడదు. ఇంట్లో ఇద్దరు మనుషులతో హాయిగా బతికే కుక్క అయితే చాలు.

మూడోది, చర్మం తెగేలా కరవడం. ఒక్కసారి జరిగినా ఇంటర్నెట్ సలహాలతో సరిపెట్టుకోకుండా వెట్‌ని, ప్రవర్తన నిపుణుల్ని కలవండి. కొట్టి, షాక్ కాలర్ పెట్టి మార్చేస్తామనేవాళ్ళ దగ్గరికి మాత్రం వెళ్ళకండి. భయపడే కుక్కకి ఇంకా భయం నేర్పడం తప్ప వాళ్ళు చేసేది లేదు.

వీటన్నిటి మధ్యలో ఒక మంచి మాట కూడా చెప్పాలి. "పెద్ద కుక్క కదా, మాకు దగ్గరవుతుందా" అని చాలామంది అడుగుతారు. 2001లో హంగరీలో మార్తా గాచి బృందం షెల్టర్‌లోని పెద్ద కుక్కలతో ఒక ప్రయోగం చేసింది. ఒకే మనిషి మూడుసార్లు, సారికి పదేసి నిమిషాలు వాటితో గడిపితే చాలు, ఆ మనిషి పట్ల కుక్కలు అనుబంధపు లక్షణాలు చూపాయి. అంత ఆకలితో ఉంటాయి మనిషి కోసం. అనుబంధం తొందరగా కుదురుతుంది, ఇల్లంతటి మీదా నమ్మకం మెల్లగా కుదురుతుంది. మీ వెనకాలే బాత్రూం దాకా వచ్చే కుక్క అదే రోజు మీ మామగారి మీద గుర్రుమనడంలో వింత లేదు.

ఐదు వారాలైంది కదా అని తలుపుల విషయంలో మాత్రం ఏమరకండి. ధైర్యం వస్తున్న కుక్క పటాసు మోతకో, పడిన గిన్నెకో బెదిరి పరిగెత్తిందంటే తిరిగి దారి తెలియదు. బయటికి తీసుకెళ్ళేటప్పుడు ఒంటికి సరిగ్గా పట్టే హార్నెస్, కాలర్ రెండూ వేసి లీష్ కట్టండి. కాలర్ మీద మీ నంబర్ ఉండాలి. చర్మం కింద పెట్టే గుర్తింపు మైక్రోచిప్ ఉంటే అందులోని వివరాలు ఇంకా షెల్టర్ పేరు మీదే ఉన్నాయేమో చూసి మార్పించుకోండి.

పిల్లి సంగతి. పిల్లి కూడా మారుతుంది, ఆ మార్పు ఇంకా నిశ్శబ్దంగా జరుగుతుంది. కుక్క మనిషిని చూసి ధైర్యం తెచ్చుకుంటే పిల్లి చోటుని చూసి తెచ్చుకుంటుంది. అందుకే ఇల్లంతా ఒకేసారి ఇవ్వకూడదు. ఒక్క గది, అందులో తిండికి దూరంగా లిట్టర్ బాక్స్ (మలమూత్రాలకి ఇసక పెట్టె), దాక్కోవడానికి ఒక అట్టపెట్టె. 2014లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు షెల్టర్‌కి కొత్తగా వచ్చిన పిల్లుల్లో కొన్నింటికి దాక్కునే పెట్టె ఇచ్చారు, కొన్నింటికి ఇవ్వలేదు. పెట్టె ఉన్నవి తొలి రోజుల్లోనే త్వరగా కుదుటపడ్డాయి. కాబట్టి మంచం కిందికి చెయ్యి పెట్టి బయటికి లాగడం అంటే దానికి ఉన్న ఒక్క మందునీ తీసేయడమే. రాత్రి అందరూ పడుకున్నాక అది బయటికొచ్చి గది కొలుస్తుంది. పొద్దున లిట్టర్ కెలికి ఉండటం, నేల మీద నాలుగు ఇసక రేణువులు కనిపించడం, మీరు ఎదురుచూడాల్సిన శుభవార్త అది. తర్వాత కళ్ళు మెల్లగా మూసి తెరవడం, తలుపు అంచుకి చెంప రాయడం, చివరికి మీ కాలికి రాయడం వస్తాయి. సోఫా గీకడం, తెల్లవారుజామున అరిచి లేపడం కూడా ఆ తర్వాతే వస్తాయి, మీ చెప్పుల్లాగే.

పిల్లి విషయంలో ఓపిక పట్టకూడనిది ఒకటే, తిండి. దాక్కుంటే ఫర్వాలేదు. ఒక రోజంతా ఏమీ తినకపోతే వెట్‌కి ఫోన్ చేయండి. రెండు రోజులైతే ఇక ఆగకండి. తిండి మానేసిన పిల్లికి, అందులోనూ లావుగా ఉన్నదానికి, కాలేయంలో కొవ్వు పేరుకుపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఇంటికొచ్చిన వారం రోజులకి తుమ్ములు, కళ్ళ నీళ్ళు మొదలైతే కంగారు పడకండి కానీ చూపించండి. పిల్లుల్లో చాలావాటికి ఒంట్లో హెర్పిస్ వైరస్ నిద్రాణంగా ఉంటుంది, చోటు మారిన ఒత్తిడికి అది మళ్ళీ లేస్తుంది. ఇది పిల్లుల మధ్యే అంటుకుంటుంది, మనుషులకి రాదు.

అయితే ఆ పిల్లిని ఇప్పుడే తేవద్దని నా సలహా. మీ కుక్క కదిలే వాటిని తరుముతుందో లేదో ఇంకా తెలియదు, గిన్నె దగ్గర అభద్రత ఉంది, ఇల్లు ఇంకా దానిది కాలేదు. కనీసం కొన్ని నెలలు ఆగండి. తెచ్చినప్పుడు కూడా ముందు వేరు గదుల్లో ఉంచి, ఒకదాని పరుపు గుడ్డ ఇంకోదాని దగ్గర పెట్టి వాసన అలవాటు చేయండి. తర్వాత జాలీ అడ్డం పెట్టి చూసుకోనివ్వండి, ఆ తర్వాతే కుక్కని లీష్‌తో పట్టుకుని ఒకే గదిలోకి.

వెనక్కి ఇచ్చేయాలా అన్నారు. మీరు రాసిన మూడు విషయాల్లో ఏదీ వెనక్కి ఇవ్వాల్సినంతది కాదు. వెనక్కి వెళ్తే మళ్ళీ అదే మోతలోకి, అదే మూలకి వెళ్తుంది. ఇప్పుడిప్పుడే వచ్చిన నిద్ర పోతుంది. అయినా, ఇవ్వాల్సి వచ్చేవాళ్ళని నేను ఎప్పుడూ తప్పుపట్టను. పాకే బిడ్డ ఉన్న ఇంట్లో కరిచే కుక్క ఉంటే, లేదా ఇంట్లో ఒకరికి కుక్కంటే నిజంగా ప్రాణభయమైతే, ఇంకో ఇల్లు వెతకడమే ఇద్దరికీ న్యాయం. అలాంటప్పుడు వీధిలో వదలడమో, ఆన్‌లైన్‌లో ఎవరికో ఇచ్చేయడమో కాకుండా తెచ్చిన షెల్టర్‌కే చెప్పండి, ఇంట్లో అది చేసినవన్నీ ఉన్నవి ఉన్నట్టు రాసివ్వండి. ఆ సమాచారం తర్వాత తీసుకునేవాళ్ళకి షెల్టర్ కాగితంకంటే ఎంతో విలువైనది. మీ మామగారికి మాత్రం ఈలోపు ఒక పని అప్పగించండి. రోజుకొకసారి అది దూరంగా పడుకుని ఉన్నప్పుడు, పలకరించకుండా, చూడకుండా, దాని వైపు ఒక ఇష్టమైన ముక్క విసిరి వెళ్ళిపోవడం. తాను భయపడిన మనిషి చేతినుంచే కుక్కకి మంచి రావడం రెండు వైపులా పనిచేస్తుంది, ఆయన భయం కూడా తగ్గుతుంది.

ఈ వారంలో వెట్ దగ్గరికి తీసుకెళ్ళి పళ్ళు, చెవులు, కీళ్ళు చూపించండి. అక్కడికి వెళ్ళాక అది మళ్ళీ బిగుసుకుపోయి ఏ లక్షణమూ చూపించదు, కాబట్టి ఇంట్లో గుమ్మం దగ్గర మొరిగేటప్పుడూ, తినేటప్పుడూ దూరం నుంచి తీసిన చిన్న వీడియోలు ఫోన్‌లో పెట్టుకెళ్ళండి. వెట్ ఏమన్నారో, గిన్నె దగ్గర ఎంత దూరంలో వదులుగా ఉంటోందో ఇక్కడే రాయండి, దాన్నిబట్టి తర్వాతి మెట్టు చెబుతాను.